సున్నా కొస

టేపుకు రెండు కొసలు.
అంకె చదివేది సారు.
సున్నా పట్టుకొని గోడకు ఆనించి నిలబడేది నేను.
పంతొమ్మిదేండ్ల సంది
ఈ పట్నం గోడలకు
నా బొటనవేలి చెమట అంటుతనే ఉన్నది.

నేరేడ్‌మెట్‌ల, రైలుపట్టాలకు ఇవతల,
నూట యాభై గజాల ఇల్లు.
వెనక, బోరు మోటరుకూ ప్రహరీకీ నడుమ
ఇటుక మీద ఇటుక లేస్తున్న ఒక గది.
అడుగు పక్కకు పోతే కరివేపచెట్టు,
ఇంకో అడుగు పోతే పక్కింటి ఏసీ డబ్బా ఉడుకు ఊపిరి.
"ఎవరికమ్మా?" అంటే
"మా అత్తకు" అన్నది నవనీత,
నెత్తి నిండ సిమెంటు దుమ్ముతోటి.

"ఇంట్ల జాగ లేదా?" అన్నడు సారు.
జవాబు అత్తనే ఇచ్చింది, అండాలమ్మ,
మోటరు దిమ్మె మీద కూసొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ:
"ఒక్క ఒరల రెండు కత్తులు పట్టయంటరు గద సారూ,
పక్కపక్కన రెండు ఒరలు కుట్టిచ్చుకుంటున్నం.
తప్పా?"

తప్పే.
ప్రహరీ నుంచి ఇంత దూరం వదలాలె.
గాలికి, వెలుగుకు,
ఏనాడన్న మంట లేస్తే మనిషి ఉరికొచ్చే సందుకు.
సారు చెప్పిండు. నేను నమ్మిన.
ఇప్పటికీ కొంత నమ్ముత.
పక్కింటి రంగనాయకులు గోడ మీదికెళ్లి తొంగిచూసి
"అందరూ గిట్లనే కట్టుకుంటే మోరీ ఎవడు మోస్తడు?
నల్లా దినం తప్పి దినమే గద" అన్నడు.
చెడ్డోడు కాదు.
ఆయన అడిగినదానికి మా దగ్గర జవాబు లేకుండె.

ఎర్రరంగుతో గుణకారం గుర్తు పెట్టినం.
వారానికి గునపాలు వచ్చినయి.
గది కూలేదాకా అండాలమ్మ లేవలే.
చిక్కుడుకాయలు అయిపోయినా
ఉత్త వేళ్లతోటి ఈనెలు తీస్తనే ఉన్నది.

నాలుగేండ్లు
మెట్ల కింద, ఇన్వర్టరు బ్యాటరీ పక్కన,
చీరె అడ్డం కట్టుకొని పన్నదట.
ఒక్క పొయ్యి, రెండు చేతులు.
ఉప్పెక్కువని ఒకరు, పులుపు సాలదని ఒకరు,
నడుమ తినకుండ లేచిపోయే కొడుకు.
ఇదంతా నాకెట్ల తెలుసు?
మా ఇంట్ల గూడ చీరెనే గోడ.
అవుతల నా భార్య తల్లి దగ్గుతది.
మౌలాలి గుట్ట కింద మా రేకుల అర్రకు
ఇంకా ఏ టేపూ రాలే.
వస్తే సున్నా ఎవరు పట్టుకుంటరో అని
కొన్ని రాత్రులు కన్ను మూతపడదు.

ఈ యేడు కొత్త కాగితం వచ్చింది.
ఇన్ని గజాల లోపు, ఒక్కటే అంతస్తు,
వాననీళ్లకు ఒక గుంత తవ్వితే
పెరట్ల సొంత తలుపుతో, సొంత పొయ్యితో
గది కట్టుకోవచ్చునట.
సారు రెండుసార్లు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నడు.

మళ్ల అదే గల్లీ. అదే టేపు.
కరివేపచెట్టు నాకంటే ఎత్తు పెరిగింది.
అదే జాగల కొత్త గోడ.
సున్నా ఆనించిన. సారు అంకె చదివిండు.
అదే అంకె.
గోడ ఇంచు జరగలే.
గీత జరిగింది.

"గప్పుడు కూలగొట్టింది ఈ అంకెకే గద?"
అన్నది నవనీత, కోపం లేకుండ.
సారు కాగితం దిక్కు చూసిండు.
నేను నా బొటనవేలి దిక్కు.
రంగనాయకులు వచ్చి గుంతల కట్టె దించి చూసి
"ఇంకో అడుగు తవ్వుండ్రి" అని పోయిండు.

టేపు చుడుతుంటే అండాలమ్మ పిలిచింది.
"బిడ్డా, ఒక కొలత నాకోసం తియ్యి.
నా కడప నుంచి దాని వంటింటి కడపకు."
సున్నా ఆమె పట్టుకున్నది.
పుట్టినకాడికెళ్లి మొదటిసారి
అంకె ఉన్న దిక్కు నేను.
"పదమూడున్నర అడుగులు."
పెదవులు కదిలించి లెక్క చూసుకున్నది.
"ఒర్రితే ఇనొస్తది. గునిగితే ఇనరాదు.
సాలు."

ఫారంల ఆ కొలతకు గడి లేదు.
అరచేతిల రాసుకున్న.
ఇంటికొచ్చి, చేతులు కడగకముందే
భార్యకు చూపించిన.
"ఏందిది?" అన్నది.
చీరె అవుతల
దగ్గు ఆగింది.